గృహహింస రక్షణ చట్టంలో పిల్లల కస్టడీ

గృహహింస కేసులో బాధితురాలికి రక్షణ కల్పిస్తూ, పిల్లలు అప్పటికి ఎవరి దగ్గర ఉండాలో కూడా చెబుతూ కోర్టు ఇచ్చేదే కస్టడీ ఉత్తర్వు. మన దేశంలో దీనికి ఆధారం ‘గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం, 2005’లోని 21వ సెక్షన్. 2005 నాటి 43వ చట్టంగా వచ్చిన ఇది 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఏ మతం వారికైనా వర్తిస్తుంది. విడాకుల కేసు నడుస్తూ ఉండనక్కర లేదు, ఆమె చట్టబద్ధంగా భార్య అయి ఉండాలన్న నియమమూ లేదు.

ఫ్యామిలీ కోర్టు ఇచ్చే కస్టడీ, ఇదీ ఒకటి కావు. అక్కడ కోర్టు తేల్చేది బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది. ఇక్కడ చూసేది, బిడ్డను అడ్డం పెట్టుకుని ఆమెను మళ్లీ లొంగదీసుకునే వీలు లేకుండా చేయడం. ‘పిల్లల్ని ఇక్కడ వదిలేసి నీ దారి నువ్వు చూసుకో’ అన్న మాట దెబ్బ కంటే గట్టిగా పనిచేస్తుందని ఈ కేసులు చూసే లాయర్లకూ కౌన్సెలర్లకూ బాగా తెలుసు. చట్టం రాసినవారికీ తెలుసు కాబట్టే నివాసం, మనోవర్తి, నష్టపరిహారాల పక్కన కస్టడీకీ చోటిచ్చారు.

నిర్వచనాలు

చట్టంలోని 2(బి) ప్రకారం 18 ఏళ్లు నిండని ఎవరైనా ‘చైల్డ్’. దత్తత తీసుకున్నవారు, సవతి పిల్లలు, పెంపకంలో ఉన్న పిల్లలు అందరూ అందులోకే వస్తారు. ఆడా మగా తేడా లేదు. చూడడానికి చిన్న వాక్యమే గాని, పాత చట్టాలతో పోల్చి చూస్తే దాని విస్తృతి తెలుస్తుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం బిడ్డ వివాహబంధంలో పుట్టిందా కాదా అని అడిగి, ఆ జవాబును బట్టి సహజ సంరక్షకులెవరో చెబుతుంది. గృహహింస చట్టం ఆ ఆరా తీయదు. 2(ఎఫ్)లోని ‘గృహ సంబంధం’లోకి వివాహం వంటి సంబంధం కూడా వస్తుంది. కాబట్టి ఆ ఇంట్లో ఉన్న బిడ్డ ఎవరి కడుపున పుట్టిందన్న దానితో నిమిత్తం లేకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు.

కస్టడీ దగ్గరికి వచ్చేసరికి చట్టం పొదుపు పాటించింది. 2(డి)లో కస్టడీ ఉత్తర్వు అంటే 21వ సెక్షన్ కింద మంజూరు చేసిన ఉత్తర్వు అని మాత్రమే ఉంది. 21కి వెళ్తే ‘తాత్కాలిక కస్టడీ’ అన్న మాట కనిపిస్తుంది, దానికి అర్థం చెప్పలేదు. ‘తాత్కాలికం’ అంటే ఎన్నాళ్లు, బిడ్డ చదువు, వైద్యం, ప్రయాణాల మీద నిర్ణయాధికారం కూడా కస్టడీలో భాగమా, ‘సందర్శన’ అంటే ఇంటికి తీసుకెళ్లడమా, కళ్లెదుట కాసేపు కూర్చోబెట్టుకోవడమా అన్నవి న్యాయమూర్తి విచక్షణకు వదిలేసినవే. ఈ పొదుపు సగం మేలు చేసింది. ఉన్న పరిస్థితిని బట్టి ఉత్తర్వును మలుచుకునే స్వేచ్ఛ కోర్టుకు దొరికింది. మిగతా సగం కక్షిదారుల నెత్తిన పడింది. ఒకే రకం కేసులో ఒక కోర్టు ఒకలా, పక్క కోర్టు మరోలా ఉత్తర్వు ఇవ్వడానికి మూలం ఇక్కడే ఉంది.

‘బాధితురాలు’ (2(ఎ)) స్త్రీయే కావాలి. ‘ప్రతివాది’ (2(క్యూ)) అంటే మొదట్లో వయోజనుడైన పురుషుడే. 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు ‘వయోజనుడైన పురుషుడు’ అన్న ఆ రెండు మాటలూ రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. కస్టడీ విషయంలో ఈ మార్పు ప్రభావం పెద్దది. మన ఇళ్లలో కోడలిని గడప దాటించాక బిడ్డను పట్టుకుని కూర్చునేది చాలాసార్లు తండ్రి కాదు, నాయనమ్మో మేనత్తో. ఇప్పుడు వారిని నేరుగా ప్రతివాదులుగా చేర్చవచ్చు.

సెక్షన్ 21 ఏమంటుంది

అమల్లో ఉన్న మరే చట్టంలో ఏమున్నా సరే అంటూ మొదలవుతుంది ఈ సెక్షన్. రక్షణ ఉత్తర్వు కోసమో, ఈ చట్టం కింద మరే ఉపశమనం కోసమో వేసిన దరఖాస్తు విచారణలో ఏ దశలోనైనా పిల్లల తాత్కాలిక కస్టడీని మేజిస్ట్రేటు బాధితురాలికి ఇవ్వవచ్చు. ఆమె తరఫున దరఖాస్తు చేసిన వ్యక్తికి కూడా ఇవ్వవచ్చు. ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె తల్లో అన్నో దరఖాస్తు పెడితే ఇది అక్కరకు వస్తుంది. అవసరమైతే ప్రతివాది వచ్చి పిల్లలను చూసే ఏర్పాటు కూడా ఉత్తర్వులోనే రాయవచ్చు.

వాక్యాన్ని శ్రద్ధగా చదివితే రెండు సంగతులు తేలతాయి. కస్టడీ ఇక్కడ విడిగా అడిగే వస్తువు కాదు, హింస మీద వేసిన దరఖాస్తుకు అనుబంధం. అసలు దరఖాస్తే లేకుండా ఒక్క 21 కిందనే కోర్టుకు వెళ్లడం కుదరదు. రెండోది, ఈ సెక్షన్ కింద కస్టడీ పొందగలిగేది బాధితురాలి పక్షమే. ప్రతివాదికి దక్కేది సందర్శన మాత్రమే. తండ్రి తనకు కస్టడీ కావాలనుకుంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కిందో, విడాకుల కేసులోనో అడగాలి. ఇది ఏకపక్షమని విమర్శించేవారున్నారు. ఆ విమర్శ పూర్తిగా నిలవదు. ఈ సెక్షన్ తండ్రి హక్కును తీసివేయలేదు, దానికి వేరే తలుపు చూపించింది. ఇక్కడ ఇచ్చింది తాత్కాలికం కాబట్టి ఆ తలుపు మూసుకుపోదు కూడా.

దరఖాస్తు నడిచే తీరు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో ఈ కేసులకు డీవీసీ అని నంబరు పడుతుంది. వాడుకలో కూడా ‘డీవీసీ వేశారు’ అంటారు. మొదటి తరగతి జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ముందుకు 12వ సెక్షన్ కింద దరఖాస్తు వెళ్తుంది. ఆమె స్వయంగా వేయవచ్చు, మరొకరు ఆమె తరఫున వేయవచ్చు, రక్షణాధికారి అయినా వేయవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ఈ అధికారులు మహిళా శిశు సంక్షేమ శాఖకు చెందినవారు. జిల్లా కేంద్రంలో జనం డీవీ సెల్ అని పిలిచేది వారి కార్యాలయాన్నే.

2006 నాటి నియమాలకు జతచేసిన ఫారాలే ఈ చట్టానికి అసలు పనిముట్లు. ఫారం 1 గృహ సంఘటన నివేదిక, అధికారుల నోట డీఐఆర్. అందులో హింస రకాల పట్టికలో పిల్లల ప్రస్తావన పలుచోట్ల వస్తుంది. మగపిల్లవాడు పుట్టలేదని అవమానించడం మాటల హింస కింద, ఆమెకూ పిల్లలకూ తిండి, బట్ట, మందులు ఇవ్వకపోవడం ఆర్థిక హింస కింద ఉన్నాయి. ఫారం 2 దరఖాస్తు. కోరే ఉత్తర్వుల వరుసలో 21వ సెక్షన్ కింద కస్టడీకి ప్రత్యేకంగా గడి ఉంది. తొందరలో దరఖాస్తు నింపేటప్పుడు మనోవర్తి అంకె మీద పడ్డ దృష్టి ఈ గడి మీద పడదు. తర్వాత ఎప్పుడో అడగవచ్చు, ‘ఏ దశలోనైనా’ అని చట్టమే అంటోంది. అయినా మొదటి రోజు అడిగినదానికి ఉండే బరువు ఆరు నెలల తర్వాత అడిగినదానికి ఉండదు. అప్పటికి బిడ్డ అవతలి ఇంట్లో అలవాటు పడిపోయిందన్న వాదన సిద్ధంగా ఉంటుంది.

ఫారం 3 అఫిడవిట్. 23(2) కింద అవతలివారిని వినకముందే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు కావాలంటే దీన్ని జతచేయాలి. ఆ సెక్షన్ కింద 18 నుంచి 22 వరకు ఏ ఉత్తర్వైనా ఇవ్వవచ్చు, అంటే కస్టడీ కూడా. దరఖాస్తు అందిన 3 రోజుల్లోపు మొదటి విచారణ పెట్టాలని, మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో ముగించేందుకు ప్రయత్నించాలని 12వ సెక్షన్ చెబుతుంది. ఈ గడువులు కాగితం మీద కనిపించినంత తరచుగా కోర్టు హాలులో కనిపించవు. మధ్యంతర ఉత్తర్వుకు అంత విలువ రావడానికి ఇదీ కారణమే.

ఏ ఊరి కోర్టుకు వెళ్లాలన్నది కస్టడీలో సగం యుద్ధం. నిజామాబాద్‌లో భర్త ఇంటి నుంచి వెళ్లగొడితే కరీంనగర్‌లోని పుట్టింటికి చేరిన తల్లిని ఉదాహరణగా తీసుకుందాం. నాలుగేళ్ల బిడ్డ తండ్రి దగ్గరే ఉండిపోయాడు. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా నివసించే చోటే కేసు వేయాలి, అంటే ఆమె ప్రతి వాయిదాకూ నిజామాబాద్ వెళ్లాలి. గృహహింస చట్టంలోని 27వ సెక్షన్ ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న చోటి మేజిస్ట్రేటుకు కూడా అధికారం ఇచ్చింది. ఆమె కరీంనగర్‌లోనే డీవీసీ వేసి, అందులోనే బిడ్డను అడగవచ్చు. ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. చేతిలో డబ్బు లేని మనిషికి ఈ ఒక్క తేడా కేసు వేయడానికీ, వేయకుండా ఊరుకోవడానికీ మధ్య తేడా.

సందర్శన

21వ సెక్షన్‌లో అన్నిటికంటే గట్టి మాట చివరి నిబంధనలో ఉంది. కస్టడీ ‘ఇవ్వవచ్చు’ అన్న చట్టం, ప్రతివాది రాకపోకలు బిడ్డ శ్రేయస్సుకు హానికరమని మేజిస్ట్రేటుకు అనిపిస్తే వాటిని ‘నిరాకరించాలి’ అని శాసించింది. ఒకసారి ఆ అభిప్రాయానికి వచ్చాక విచక్షణ మిగలదు. అయితే హాని అంటే ఏమిటో మళ్లీ చెప్పలేదు. బిడ్డను కొట్టిన దాఖలా ఉంటే చిక్కు లేదు. బిడ్డ మీద చెయ్యి వేయకుండా బిడ్డ ఎదుటే తల్లిని కొట్టినవాడి సంగతేమిటి? ‘భార్యతో గొడవే గాని పిల్లల్ని ప్రాణంగా చూసుకుంటాడు’ అన్న వాదన మన కోర్టుల్లో ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది.

ఈ ఖాళీని కొన్ని దేశాలు నిర్వచనంతోనే పూడ్చాయి. ఒకరిపై జరిగే హింసను బిడ్డ చూసేలా, వినేలా చేయడం బిడ్డపై మానసిక హింసే అని న్యూజీలాండ్ 1995 నాటి గృహహింస చట్టంలోనే రాసింది. దెబ్బలు తిన్న మనిషినే ‘బిడ్డను ఎందుకు చూడనిచ్చావు’ అని నిలదీయకుండా, ఆ నింద బాధితుల మీద పడదని అక్కడే చేర్చింది. ఇంగ్లండ్‌లో పిల్లల చట్టంలోని ‘హాని’ నిర్వచనంలోకి మరొకరిని హింసిస్తుంటే చూడడం, వినడం 2002 నాటి సవరణతో చేరాయి. 2021 నాటి గృహహింస చట్టం అలాంటి పిల్లలనూ బాధితులుగానే లెక్కించింది. మన చట్టంలో ఈ పాటి వాక్యం ఒక్కటి ఉంటే ఎన్నో వాదనలు కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోయేవి. 3వ సెక్షన్ హింసను ఎంతో విస్తారంగా నిర్వచించింది గాని, బాధితురాలి వైపు నుంచే చూసింది. బిడ్డ అందులో ఆమెను బెదిరించడానికి వాడుకునే మనిషిగా కనిపిస్తుంది తప్ప కళ్లారా చూసిన సాక్షిగా కనిపించదు.

సందర్శనకు అనుమతి ఇచ్చినప్పుడు చోటు, వారం, వేళ, పక్కన ఎవరుండాలి అన్నవి ఉత్తర్వులోనే రాయించుకోవడం మంచిది. ‘నెలకు రెండుసార్లు చూడవచ్చు’ అని వదిలేస్తే ప్రతి భేటీ కొత్త గొడవకు ముహూర్తమే. మేజిస్ట్రేటు రాతపూర్వకంగా ఆదేశిస్తే పిల్లలను తిరిగి పొందడంలో బాధితురాలికి తోడ్పడడం, కోర్టు చెప్పిన మేరకు తన పర్యవేక్షణలో ఆమె వారిని కలుసుకునేలా చూడడం రక్షణాధికారి విధుల్లో భాగమని 2006 నియమాల్లోని 10వ నియమం చెబుతుంది. దూరాన ఉన్న తల్లి లేదా తండ్రి ఫోన్లో, వీడియో కాల్‌లో బిడ్డతో మాట్లాడుకునే సంప్రదింపు హక్కును కూడా కోర్టులు గుర్తించాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఇచ్చిన తీర్పులో చెప్పింది. ఎదురుపడితే ప్రమాదమున్న కేసుల్లో ఇది పనికొచ్చే మధ్యేమార్గం.

మిగతా కస్టడీ చట్టాలతో

21వ సెక్షన్ కింద బిడ్డ చేతికి వచ్చినంత మాత్రాన ఆ తల్లి సంరక్షకురాలు కాదు. హిందూ మైనారిటీ చట్టం 6వ సెక్షన్ తండ్రిని, అతని తర్వాత తల్లిని సహజ సంరక్షకులు అంటుంది. అయిదేళ్లు నిండని బిడ్డ కస్టడీ మాత్రం మామూలుగా తల్లిదే. ఈ ‘తర్వాత’ అన్న మాటకు తండ్రి మరణానంతరం అని కాక, అతను బాధ్యత తీసుకోని పరిస్థితిలో కూడా అని అర్థం చెప్పుకోవాలని 1999లో రచయిత్రి గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం అన్నిటికీ మించినది బిడ్డ సంక్షేమం. తగినంత ఊహ వచ్చిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 చట్టం 17వ సెక్షన్ అంటుంది. గృహహింస చట్టంలో ఆ మాట లేకున్నా మేజిస్ట్రేట్లు బిడ్డను ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడడం కద్దు.

26వ సెక్షన్ ప్రకారం ఈ కస్టడీని ఫ్యామిలీ కోర్టులో నడుస్తున్న కేసులో కూడా అడగవచ్చు. ఒకచోట ఉపశమనం పొందితే ఆ సంగతి మేజిస్ట్రేటుకు చెప్పితీరాలి. దాచిపెడితే నష్టపోయేది ఆమె పక్షమే. ఫ్యామిలీ కోర్టు సాక్ష్యాలన్నీ విని తేల్చిన కస్టడీని మేజిస్ట్రేటు తాత్కాలిక ఉత్తర్వుతో తిరగరాయడం ఈ సెక్షన్ ఉద్దేశం కాదు. పరిస్థితులు మారితే ఉత్తర్వును సవరించమని ఇరుపక్షాల్లో ఎవరైనా 25(2) కింద అడగవచ్చు. సెషన్స్ కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు.

అమలులో అసలు బలహీనత 31వ సెక్షన్‌లో ఉంది. ఉల్లంఘనకు ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా అక్కడ ఉన్నాయి. కానీ అది రక్షణ ఉత్తర్వును, మధ్యంతర రక్షణ ఉత్తర్వును మాత్రమే పేర్కొంటుంది. కస్టడీ ఉత్తర్వు నిర్వచనం వేరు, రక్షణ ఉత్తర్వు నిర్వచనం వేరు. బిడ్డను అప్పగించనివాడు ఇక్కడే సందు వెతుక్కుంటాడు. తెలిసిన లాయర్లు అందుకే కస్టడీతో పాటు 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు కూడా కోరతారు: బిడ్డ చదివే బడి దగ్గరికి రాకూడదని, ఆమె దగ్గర నుంచి బిడ్డను లాక్కుపోకూడదని. అప్పుడు ఉల్లంఘన నేరుగా నేరమవుతుంది.

సముద్రం దాటిన కేసులు

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల వల్ల అక్కడి నిర్వచనాలు మనకూ అవసరమయ్యాయి. మహిళలపై హింస నిరోధానికి 1994లో అక్కడ తెచ్చిన సమాఖ్య చట్టం, ఒక రాష్ట్రం ఇచ్చిన రక్షణ ఉత్తర్వును మిగతా రాష్ట్రాలు పాటించాలంటూనే కస్టడీ ఉత్తర్వులను ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. 2006 జనవరిలో సంతకమైన సవరణతో రక్షణ ఉత్తర్వులో భాగంగా ఇచ్చిన కస్టడీ, సందర్శన షరతులు కూడా అందులో చేరాయి. అక్కడి రాష్ట్రాల కోసం రాసిన 1997 నాటి నమూనా కస్టడీ చట్టం నిర్ణయాధికారం, భౌతిక కస్టడీ, సందర్శన మూడింటినీ కస్టడీ నిర్ణయం కిందికే తెచ్చింది. గృహహింస రక్షణ కేసులో పిల్లల ప్రసక్తి వస్తే దాన్నీ కస్టడీ కేసుగానే చూస్తుంది. బిడ్డ వరుసగా ఆరు నెలలు ఉన్న రాష్ట్రానిదే మొదటి అధికారం. వేరే రాష్ట్రానికి పారిపోయి వచ్చిన తల్లికి అక్కడి కోర్టు అత్యవసరంగా, తాత్కాలికంగా రక్షణ ఇవ్వవచ్చు. కాలిఫోర్నియా ఇంకో అడుగు వేసింది. గత అయిదేళ్లలో గృహహింసకు పాల్పడినట్లు కోర్టు తేల్చిన వ్యక్తికి కస్టడీ ఇవ్వడం బిడ్డకు మేలు కాదన్న భావనతోనే విచారణ మొదలుపెట్టాలి, కాదని నిరూపించుకునే భారం అతనిదే. మన చట్టంలో ఇలాంటి ముందస్తు భావన లేదు.

పిల్లలతో ఇండియా వచ్చేసిన తల్లుల కేసులు ఇక్కడి నుంచి జటిలమవుతాయి. పిల్లల అంతర్జాతీయ అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. చేరాలని లా కమిషన్ 2009లో 218వ నివేదికలో సూచించింది. గృహహింసను తప్పించుకుని వచ్చిన తల్లులను అపహర్తలుగా ముద్ర వేస్తారన్న భయం దానికి ఎదురు నిలిచింది, ఆ భయంలో నిజముంది. విదేశీ కోర్టు ఉత్తర్వు ఉన్నా బిడ్డ సంక్షేమమే మిన్న అని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2019 మార్చిలో మాత్రం, పెన్సిల్వేనియాలో తానే కస్టడీ కేసు వేసి ఆ తర్వాత పిల్లలతో వచ్చి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టును ఆశ్రయించిన ఒక తల్లి కేసులో, పిల్లలు మామూలుగా నివసించే చోటు హైదరాబాద్ కాదని తేల్చి వారిని అమెరికాకు పంపమంది. పైన చెప్పిన 2020 తీర్పులోని తల్లికి వర్జీనియాలో అత్యవసర రక్షణ ఉత్తర్వు కూడా ఉంది. అయినా బిడ్డతో తిరిగి వెళ్లక తప్పలేదు. విదేశంలో ఉన్నప్పుడే పిల్లల విషయం అక్కడి రక్షణ ఉత్తర్వులో రాయించుకోవడం, కోర్టు అనుమతి లేకుండా విమానం ఎక్కకపోవడం ఈ తీర్పులు నేర్పే జాగ్రత్త.

ఇక్కడ దరఖాస్తు వేయాలనుకునేవారు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు, జిల్లాలోని సఖి కేంద్రానికి గాని రక్షణాధికారి దగ్గరికి గాని నేరుగా వెళ్లవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకూ పిల్లలకూ ఉచితంగా లాయరును ఇస్తారు. ఉత్తర్వు నకలుకు 24వ సెక్షన్ ప్రకారం రుసుము లేదు.